ఆపరేషన్‌లో అంతా తీసేశాక ఇమ్యూనోథెరపీ ఎందుకు? కావలి నుంచి అడిగిన ప్రశ్నకు జవాబు

అమ్మా, మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా తిరిగి రాస్తాను, ఇతరులు చదివినా అర్థమవుతుంది. మీ నాన్నగారికి 59 ఏళ్లు, ఊరు కావలి దగ్గర పల్లె. ఎడమ కిడ్నీలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలితే ఐదు వారాల కిందట చెన్నైలో ఆ కిడ్నీని పూర్తిగా తీసేశారు. రిపోర్టులో క్లియర్ సెల్ రకం (కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది), పీటీ3ఏ దశ, గ్రేడ్ 3, అంచులు శుభ్రం అని ఉంది. స్కాన్‌లో ఇంకెక్కడా ఏమీ కనిపించలేదు. సర్జన్ "అంతా తీసేశాం" అన్నారు. అదే ఆసుపత్రిలోని మెడికల్ ఆంకాలజిస్టు (క్యాన్సర్‌కు మందులతో వైద్యం చేసే డాక్టరు) ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఎక్కించాలన్నారు. ఇంట్లో కొందరు "తీసేశాక మళ్లీ మందెందుకు" అంటున్నారు, కొందరు రోడ్డు పక్క అర ఎకరం అమ్మైనా వేయిద్దామంటున్నారు. చివర్లో ఒక్క వాక్యం చేర్చారు: పొదిలిలో ఉండే మీ చిన్నాన్నకు బుగ్గలో క్యాన్సర్, వచ్చే వారం ఒంగోలులో ఆపరేషన్, ఆయనకూ ఈ మందు పనికొస్తుందా అని.

ఆ చివరి వాక్యానికే ముందు జవాబు చెప్పాలి. రేపు ఉదయం చిన్నాన్నగారి సర్జన్‌కు ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి. బయాప్సీ ముక్క మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ పరీక్ష చేయించారా? ఆపరేషన్‌కు ముందు ఆయన కేసును ఒక మెడికల్ ఆంకాలజిస్టు చూశారా? ఆపరేషన్ అయిపోయాక ఈ ప్రశ్నలకు సగం విలువ పోతుంది. ఎందుకో కింద వివరిస్తాను. నాన్నగారి విషయంలో మీకు ఇంకా కొన్ని వారాల వ్యవధి ఉంది.

నేను నెల్లూరులో చాలా ఏళ్లుగా క్యాన్సర్ రోగులకు మందుల వైద్యం చేస్తున్నాను, ఒంగోలు వైపు వాళ్లనూ చూస్తుంటాను. నాన్నగారిని నేను పరీక్షించలేదు కనుక ఇది మీరు రాసిన రిపోర్టు మీద అభిప్రాయం మాత్రమే.

సర్జన్ చెప్పిందీ నిజమే, ఆంకాలజిస్టు చెప్పిందీ నిజమే. కంటికి, స్కానుకు కనిపించినదంతా సర్జన్ తీశారు. కానీ గడ్డ ఉన్న నెలల్లోనో సంవత్సరాల్లోనో కొన్ని కణాలు రక్తంలో జారి ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో చేరి ఉండవచ్చు. కొన్ని మిల్లీమీటర్ల గడ్డగా ఎదిగితే తప్ప సీటీ స్కాన్ వాటిని పట్టుకోలేదు. తుంగ పట్టిన చేనును దున్ని శుభ్రం చేశాక పైకి ఒక్క ఆకు కనబడదు, గడ్డలు మట్టిలో ఉన్నాయో లేవో మళ్లీ తడి తగిలితే గాని తెలియదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే మందు ఉన్న జబ్బుకు కాదు, ఉండి ఉండవచ్చనే జబ్బుకు. ఈ విషయం అర్థమైతే మిగిలిన లెక్కంతా తేలిక. అర్థం కాకపోతే ఎంత చదివినా "వేయించాలా వద్దా" అన్న భయం తప్ప ఏమీ మిగలదు.

ఈ మందు ఎలా పనిచేస్తుంది? మన రక్తంలోని టీ కణాలు తేడాగా ఉన్న కణాలను పసిగట్టి చంపగలవు. అవి హద్దు దాటి మన ఒంటినే తినకుండా వాటి మీద పీడీ-1 అనే ఒక గ్రాహకం ఉంటుంది. ఎదుటి కణం తన పైన పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను చూపితే టీ కణం ఆగిపోతుంది. చాలా క్యాన్సర్లు ఈ మార్గాన్నే వాడుకుని తప్పించుకుంటాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ పీడీ-1ను మూసేస్తాయి, అటెజోలిజుమాబ్, దుర్వాలుమాబ్ పీడీ-ఎల్1ను మూసేస్తాయి. ఆగిపోయిన టీ కణం మళ్లీ కదులుతుంది. పీడీ-1ను కనుగొన్న జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకు, ఇలాంటిదే అయిన సీటీఎల్ఏ-4 మీద పనిచేసిన అమెరికన్ జేమ్స్ ఆలిసన్‌కు కలిపి 2018లో నోబెల్ ఇచ్చారు. కీమోలా ఇది నేరుగా కణాలను చంపే విషం కాదు. జుట్టు ఊడదు, అరగంటలో ఎక్కించేస్తారు, చాలామంది మరుసటి రోజు పొలానికి వెళ్లిపోతారు. అందుకే దీన్ని తేలిక మందు అనుకుంటారు. అది ఎంత పొరపాటో తర్వాత చెబుతాను.

ఇక నాన్నగారి జబ్బుకు ఉన్న రుజువు. కీనోట్-564 అనే పరిశోధనలో కిడ్నీ క్యాన్సర్ ఆపరేషన్ అయిన 994 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మూడు వారాలకొకసారి 200 మిల్లీగ్రాముల పెంబ్రోలిజుమాబ్, గరిష్ఠంగా 17 డోసులు, అంటే దాదాపు ఏడాది. రెండో జట్టుకు మందు లేని సెలైన్. నాలుగేళ్ల దగ్గర లెక్క చూస్తే జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మందు జట్టులో 64.9 శాతం, సెలైన్ జట్టులో 56.6 శాతం. బతికి ఉన్నవారు 91.2 శాతం, 86 శాతం. ఆయుష్షు మీద ఫలితం 2024లో ప్రచురితమైంది. కిడ్నీ క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత ఇచ్చిన ఒక మందు ఆయుష్షు పెంచిందని రుజువు కావడం అదే మొదలు. అంతకు ముందు ఎన్నో మందులను ప్రయత్నించి చేతులు కాల్చుకున్నారు. కాబట్టి మీ ఆంకాలజిస్టు గాలిలో మాట చెప్పలేదు.

ఆ శాతాలను మనుషుల లెక్కలోకి మార్చి చూడండి. నాన్నగారిలాంటి వంద మందిని ఒకచోట కూర్చోబెట్టాం అనుకోండి. సుమారు 57 మందికి ఏ మందూ లేకుండానే నాలుగేళ్లు జబ్బు రాదు, ఆపరేషనే వాళ్లను కాపాడింది. 35 మందికి మందు వేసినా తిరగబెడుతుంది. మధ్యలో ఎనిమిది మంది ఉన్నారు, నాలుగేళ్ల లోపల రావలసిన జబ్బు మందు వల్ల రాలేదు. ప్రాణం లెక్కలో ఆ మధ్యవాళ్లు ఐదుగురు. ఆ ఎనిమిది మందిలో నాన్నగారు ఉన్నారా లేరా అన్నది చెప్పే పరీక్ష కిడ్నీ క్యాన్సర్‌కు ఇవాళ మన చేతిలో లేదు. అందుకని అందరికీ ఇస్తున్నాం. ఐదుగురు చిన్న సంఖ్య అని నేను అనను, ఆ ఐదుగురి ఇళ్లలో అదే సర్వస్వం. కానీ "వేయించకపోతే పోతారు, వేయిస్తే బతుకుతారు" అని ఎవరైనా మీతో అని ఉంటే, ఆ మాట తప్పు. చాలా కుటుంబాలు ఈ రెండు మాటల మధ్య నలిగిపోయి ఆస్తులు అమ్ముకోవడం చూశాను. వాళ్లకు ఎవరూ ఈ వంద మంది లెక్క చెప్పి ఉండరు.

గ్రేడ్, దశ ఇక్కడ చాలా తేడా తెస్తాయి. పీటీ3ఏ అంటే గడ్డ కిడ్నీ చుట్టూ ఉన్న కొవ్వులోకో, కిడ్నీ సిర కొమ్మల్లోకో దిగిందని అర్థం. గ్రేడ్ 3 మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ దూకుడు. ఆ పరిశోధన లెక్కలో నాన్నగారు మధ్యస్థం నుంచి ఎక్కువ అపాయం ఉన్న గుంపులోకి వస్తారు, పరిశోధనలో పాల్గొన్న వారిలో అత్యధికులు ఆ గుంపే. గ్రేడ్ 4 ఉన్నవారు, సార్కోమాటాయిడ్ మార్పు (కణాలు మరింత దూకుడు రూపంలోకి మారడం) ఉన్నవారు, లింఫు గ్రంథులకు పాకినవారు, వేరే చోట ఉన్న ఒకటి రెండు గడ్డలను కూడా కోసి తీయించుకున్నవారు ఇంకా పైన ఉంటారు. వాళ్లయితే నేను గట్టిగా పట్టుబడతాను. రిపోర్టులో సార్కోమాటాయిడ్ అన్న మాట ఎక్కడైనా ఉందేమో మళ్లీ చూడండి. లేకపోతే "లేదు" అని రాసి ఉందా, అసలు ప్రస్తావనే లేదా అన్నది కూడా అడగండి. పీటీ1 దశలో చిన్న గడ్డ తీయించుకున్నవారికి ఈ మందు అక్కర్లేదు. అలాంటివారికి రాసిన చీటీలు కూడా నా దగ్గరకు వచ్చాయి.

ఇంకొక హెచ్చరిక, డబ్బు గురించి ఆలోచించేవారికి బాగా అవసరమైనది. "అదే జాతి మందు, చవకగా వస్తుంది, పెంబ్రో బదులు నివోలుమాబ్ వేద్దాం" అనే సలహా మీకు తప్పక వస్తుంది. చాలా క్యాన్సర్లలో ఈ రెండూ అన్నదమ్ముల్లాంటివే. కానీ కిడ్నీ ఆపరేషన్ తర్వాత మాత్రం కాదు. నివోలుమాబ్‌ను, సీటీఎల్ఏ-4ను మూసే ఇపిలిముమాబ్‌తో కలిపి ఇచ్చి చూసిన చెక్‌మేట్-914, ఆపరేషన్‌కు ముందూ వెనకా నివోలుమాబ్ ఇచ్చిన ప్రాస్పర్, అటెజోలిజుమాబ్ ఇచ్చిన ఇమ్మోషన్-010, ఈ మూడూ విఫలమయ్యాయి. ఎందుకు విఫలమయ్యాయన్న చర్చ ఇంకా నడుస్తోంది. రోగులను ఎంచుకున్న తీరా, ఆరు నెలలే ఇవ్వడమా, దుష్ప్రభావాలతో ఎక్కువమంది మధ్యలో ఆపేయడమా, అని. రోగికి ఆ చర్చతో పని లేదు. రుజువున్న మందు కొనలేకపోతే, రుజువు లేని మందు మీద లక్షలు పెట్టడం కంటే స్కాన్లతో జాగ్రత్తగా గమనిస్తూ ఉండటం మేలు.

ఇప్పుడు అర ఎకరం. పూర్తి ధరకు కొంటే ఈ మందు ఒక్క డోసే లక్షల్లో ఉంటుంది, 17 డోసులంటే మధ్యతరగతి ఇల్లు మోయలేదు. అయితే పూర్తి ధరకు కొనేవారు తక్కువ. తయారీ కంపెనీలు రోగుల సహాయ పథకాలు నడుపుతాయి, కొన్ని డోసులు కొంటే మిగిలినవి ఉచితంగా ఇచ్చే తరహాలో ఉంటాయి. షరతులు మారుతుంటాయి కనుక మొదటి డోసు వేయించకముందే, రాతపూర్వకంగా, మొత్తం ఏడాదికి ఎంతవుతుందో ఆసుపత్రిని అడగండి. ఒక్క డోసు ధర అడిగి మొదలుపెట్టిన కుటుంబాలే ఐదో డోసు దగ్గర ఆగిపోతాయి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ మందు ఈ జబ్బుకు వస్తుందా అన్నది ఆ ఆసుపత్రిలోని పథకం కౌంటర్లో జాబితా చూపించి చెప్పమనండి, నోటి మాట నమ్మవద్దు. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా వెళ్తుంది, ఆపరేషన్ బిల్లులు కూడా భద్రం చేసుకోండి.

నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. బీమా ఉండో, సహాయ పథకం కుదిరో, పొదుపులోంచి కట్టగలిగో ఉంటే నాన్నగారికి ఈ మందు వేయిస్తాను. ఆ అర ఎకరమే ఇంటికి ఆధారమైతే, దాన్ని అమ్మమని చెప్పను. జబ్బు తిరిగి వస్తే అప్పుడూ చికిత్స ఉంది. ఇమ్యూనోథెరపీతో పాటు మాత్రలు కలిపి ఇచ్చే పద్ధతులు కిడ్నీ క్యాన్సర్‌లో బాగానే పనిచేస్తాయి, దానికీ డబ్బు కావాలి. నాన్నగారి ముందు ఈ లెక్క చెప్పండి. నిర్ణయంలో ఆయన మాట ఎక్కడా కనబడలేదు మీ ప్రశ్నలో. "ఆయనకు చెప్పలేదు, భయపడతారు" అనే ఇళ్లు మన వైపు ఎక్కువ. ఏడాది పాటు మూడు వారాలకొకసారి సూది ఎక్కించుకునే మనిషికి అది ఎందుకో తెలియకుండా ఉండదు.

మందు ఎక్కడ కొంటున్నారన్నది కూడా ముఖ్యం. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఖాళీ క్యాన్సర్ మందు సీసాలు సేకరించి, నకిలీ మందు నింపి అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. ఖరీదైన ఇమ్యూనోథెరపీ మందుల సీసాలే వాళ్ల సరుకు. సగం ధరకు తెప్పిస్తానని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఆసుపత్రి ఫార్మసీ నుంచో, అధీకృత పంపిణీదారు నుంచో బిల్లుతో కొనండి. బిల్లు మీద, సీసా మీద బ్యాచ్ నంబరు ఒకటేనా చూడండి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, నెల్లూరు మే నెల ఎండలో బ్యాగులో పెట్టుకుని బస్సులో తెచ్చే వస్తువు కాదు. ఎక్కించాక ఖాళీ సీసా లేబులు చింపి పారేయమని నర్సును అడగండి, ఎవరూ తప్పు పట్టరు.

ఇక తేలిక మందు అన్న అపోహ. టీ కణాల మీద అదుపు తీసేశాక అవి క్యాన్సర్‌నే కాక మన అవయవాలను కూడా కొట్టవచ్చు. కీనోట్-564లో మందు వల్లే తీవ్రమైన ఇబ్బంది వచ్చినవారు సుమారు 19 శాతం. జబ్బున్న మనిషికైతే ఆ అపాయం సమంజసమే అనిపిస్తుంది. నాన్నగారి విషయంలో మాత్రం, ఒంట్లో జబ్బే లేని మనిషికి కూడా ఆ అపాయాన్ని అంటగడుతున్నాం. ఎక్కువగా కనిపించేవి చర్మం మీద దద్దురు, దురద, థైరాయిడ్ మందగించడం. థైరాయిడ్‌కు రోజూ ఒక మాత్ర వేసుకుంటే సరిపోతుంది, కానీ అది చాలామందికి జీవితాంతం. అరుదైనవి ప్రమాదకరం: పేగుల వాపు, కాలేయం వాపు, ఊపిరితిత్తుల వాపు, అడ్రినల్ లేదా పిట్యుటరీ గ్రంథి దెబ్బతినడం, హఠాత్తుగా ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోయే షుగరు, ఇంకా అరుదుగా గుండె కండరం వాపు. ఇవి మొదటి డోసు తర్వాత రావచ్చు, పదో డోసుకు రావచ్చు, మందు ఆపేసిన కొన్ని నెలలకు కూడా రావచ్చు.

మన దగ్గర ప్రాణం మీదికి తెచ్చేది దుష్ప్రభావం కంటే దాన్ని గుర్తించకపోవడం. చెన్నై డాక్టరు వంద మైళ్లకు పైగా దూరంలో ఉంటారు. రాత్రి పదకొండు గంటలకు విరేచనాలు మొదలైతే ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి, విరేచనాలు కట్టే మాత్ర, ఒక యాంటీబయాటిక్, ఒక సెలైన్ సీసాతో సరిపెడతారు. అది పేగుల వాపు అయితే కావలసింది స్టిరాయిడ్, అదీ సరైన మోతాదులో, వారాల పాటు మెల్లగా తగ్గిస్తూ. దీనికి తలకిందులుగా, మరో చోట చిన్న జ్వరానికే డెక్సా అనే స్టిరాయిడ్ సూది పొడిచేస్తారు, అసలు లక్షణం రెండు రోజులు మరుగున పడుతుంది. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం ఉంటే "వడదెబ్బ" అనుకుని సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేస్తారు. అది అడ్రినల్ గ్రంథి చచ్చుబడిన లక్షణం అయితే హైడ్రోకార్టిసోన్ అనే స్టిరాయిడ్ ఇవ్వకపోతే మనిషి దక్కడు. కాబట్టి మొదటి డోసుకు ముందే కావలిలోనో నెల్లూరులోనో ఒక ఫిజీషియన్‌ను కలిసి, నాన్నగారికి ఈ మందు వేస్తున్నారని చెప్పి, చెన్నై డాక్టరు నంబరు ఇచ్చి రండి. జేబులో ఒక కార్డు ఉండాలి: మందు పేరు, చివరి డోసు తేదీ, ఎవరికి ఫోన్ చేయాలి. రోజుకు మామూలు కంటే నాలుగు సార్లు ఎక్కువగా విరేచనం, కొత్తగా ఆయాసం లేదా పొడి దగ్గు, ఛాతీ నొప్పి, రెప్ప వాలిపోవడం, రెండుగా కనిపించడం, కళ్లు పచ్చబడటం, విపరీతమైన దాహం, వదలని తలనొప్పి, వీటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి.

ఒక్క కిడ్నీ మిగిలిన మనిషికి అదనపు జాగ్రత్త ఉంది. ఈ మందు కిడ్నీకి కూడా వాపు తెస్తుంది, రెండు ఉన్నవారికి తట్టుకునే వెసులుబాటు ఉంటుంది, ఈయనకు లేదు. ప్రతి డోసుకు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడాలి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు పూర్తిగా మానాలి. గ్యాస్ మాత్ర సంగతి చాలామందికి తెలియదు: పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ జాతి మాత్రలు వేసుకునేవారిలో ఈ మందు వల్ల కిడ్నీ వాపు ఎక్కువగా వస్తుందని తేలింది. మన జిల్లాలో ఏ చీటీ చూసినా మొదటి మాత్ర అదే. నిజంగా అవసరం లేకపోతే ఆపించండి.

"ఇమ్యూనిటీ పెంచే" పొడులు, కషాయాల గురించి మీరు అడగలేదు, అయినా ఇంట్లో ఎవరో ఒకరు తెస్తారు. 2021లో కృష్ణపట్నం మందు కోసం వేల మంది బారులు తీరిన జిల్లా మనది, ఆ నమ్మకాన్ని నేను వెక్కిరించను. కానీ తిప్పతీగ విషయంలో ఒక్క మాట. రోగనిరోధక కణాలు కాలేయాన్ని దెబ్బతీసిన తరహా వాపు తిప్పతీగ వాడినవారిలో వచ్చిన కేసులను మన దేశపు కాలేయ నిపుణులే ప్రచురించారు. ఇమ్యూనోథెరపీ వల్ల వచ్చే కాలేయ వాపు కూడా అచ్చం అలాగే ఉంటుంది. రెండూ కలిపి వాడితే దేన్ని ఆపాలో తెలియక ఖరీదైన మందు ఆపేస్తాం. ఈ ఏడాది వరకు వద్దు.

ప్రయాణాల బాధ కొంత తగ్గించుకోవచ్చు. మూడు వారాలకు 200 బదులు ఆరు వారాలకు 400 మిల్లీగ్రాములు ఇచ్చే పద్ధతి కూడా ఆమోదం పొందింది. నేనైతే మొదటి రెండు మూడు డోసులు మూడు వారాల చొప్పున ఇచ్చి, ఒళ్లు తట్టుకుందని తేలాక ఆరు వారాలకు మారుస్తాను. చెన్నైలో చికిత్స ప్రణాళిక నిర్ణయించుకుని డోసులు నెల్లూరులో ఎక్కించుకునే ఏర్పాటు కూడా చేసుకోవచ్చు. మొదలుపెట్టడం ఆపరేషన్ అయిన 12 వారాల లోపల జరగాలి, ఆ పరిశోధనలో పెట్టుకున్న గడువు అదే. ఏడాది అయ్యాక ఆపేయాలి. "ఇంకొన్నాళ్లు వేస్తే మంచిదేమో" అన్నదానికి రుజువు లేదు. వేయించినా వేయించకపోయినా ఛాతీ, పొట్ట స్కాన్లు మాత్రం కొన్నేళ్లు క్రమంగా తప్పవు.

చిన్నాన్నగారి దగ్గరకు వద్దాం. ఈ రంగంలో గత కొన్నేళ్లలో తేలిన పెద్ద విషయం, ఈ మందును ఆపరేషన్ తర్వాత కంటే ముందు మొదలుపెడితే ఎక్కువ పనిచేస్తుందేమో అన్నది. గడ్డ ఒంట్లో ఉండగా మందు ఇస్తే, టీ కణాలకు శత్రువు ఎదురుగా ఉంటుంది, చుట్టూ ఉన్న లింఫు గ్రంథులు కూడా ఉంటాయి. కోసి తీసేశాక నేర్చుకోవడానికి మిగిలేది తక్కువ. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో దీన్ని సూటిగా పరీక్షించారు. ఒక జట్టుకు ఆపరేషన్ తర్వాత 18 డోసులు. ఇంకో జట్టుకు అవే 18 డోసులు, కాకపోతే మూడు ముందు, 15 తర్వాత. మందు అదే, మోతాదు అదే. రెండేళ్లకు జబ్బు అదుపులో ఉన్నవారు మొదటి జట్టులో 49 శాతం, రెండో జట్టులో 72 శాతం. 2023లో వచ్చిన ఈ ఫలితం చూసి నాలాంటివాళ్లం చాలామందిమి సర్జన్లకు రోగిని పంపే క్రమాన్నే మార్చుకున్నాం.

నోటి క్యాన్సర్‌కు ఇదే దారిలో కీనోట్-689 వచ్చింది. మూడో దశ, నాలుగో దశలో ఆపరేషన్‌కు వీలున్న తల, మెడ క్యాన్సర్ రోగులు 714 మంది. సగం మందికి ఆపరేషన్‌కు ముందు రెండు డోసుల పెంబ్రోలిజుమాబ్, తర్వాత రేడియేషన్‌తో పాటు, దాని తర్వాత కూడా 15 డోసులు. మూడేళ్లకు జబ్బు అదుపులో ఉన్నవారు 57.6 శాతం, మామూలు చికిత్సతో 46.4 శాతం. దీన్ని చూసి అమెరికాలో 2025 జూన్‌లో పీడీ-ఎల్1 స్కోరు ఒకటి, అంతకు మించి ఉన్నవారికి ఆమోదించారు. అందుకే ఆ పరీక్ష గురించి ముందే అడగమన్నాను. ఆపరేషన్ అయ్యాక ఈ పద్ధతిని మొదలుపెట్టడం కుదరదు.

అయితే ఒక షరతు. చిన్నాన్నగారిది మొదటి, రెండో దశ అయితే ఇదేమీ అక్కర్లేదు, ఆపరేషన్ చేయించండి. పెద్ద దశ అయినా ఈ మందు డబ్బు కోసం ఆపరేషన్‌ను నెలా రెండు నెలలు వాయిదా వేయకండి. నోటి క్యాన్సర్ అంతకాలం ఆగదు, కోయడానికి వీలున్న గడ్డ వీల్లేనిదిగా మారిపోతుంది. డబ్బు లేకపోతే మంచి ఆపరేషన్, ఆపైన సమయానికి రేడియేషన్, అంచుల్లో జబ్బు మిగిలినా, లింఫు గ్రంథి పొర దాటినా దానితో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. ఇదే ఇప్పటికీ గట్టి చికిత్స, ఇదే ఎక్కువమందిని కాపాడుతోంది. పొదిలి, కొండపి, టంగుటూరు వైపు పొగాకు వేలం కేంద్రాల చుట్టూ బతికే ఊళ్లలో ఖైనీ, చుట్ట మానమని చెప్పడం కష్టమని నాకు తెలుసు. బుగ్గ కోయించుకుని మళ్లీ ఖైనీ పెట్టేవారికి ఏ లక్షల మందూ పనిచేయదు.

చిన్న మోతాదు మందు గురించి కూడా వినే ఉంటారు. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2022లో ప్రచురించిన పరిశోధనలో, నయం కావడానికి వీల్లేని దశకు చేరిన తల, మెడ క్యాన్సర్ రోగులకు చవకైన మాత్రలతో పాటు మూడు వారాలకు కేవలం 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చారు. ఏడాదికి బతికి ఉన్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. మామూలు మోతాదులో పదో వంతు కూడా లేని మందుతో. మన దేశంలో ఈ రంగంలో వచ్చిన గొప్ప పనుల్లో అదొకటి. కానీ అది ఆపరేషన్‌కు లొంగని జబ్బుకు. ఆపరేషన్ తర్వాత తిరగబెట్టకుండా చిన్న మోతాదు చాలు అన్నది దాన్నుంచి తేలదు, నాన్నగారి కిడ్నీ విషయంలో అసలే తేలదు.

ఈ పేజీ చదివే మిగతావారి కోసం కొన్ని మాటలు, ఎందుకంటే ఒక క్యాన్సర్ సంగతి ఇంకో దానికి అతికించుకునేవారు ఎక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ అయినవారు ముందు ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే పరీక్షలు (గడ్డ కణాల జన్యువుల్లో మార్పులు చూసేవి) చేయించుకోవాలి, ముఖ్యంగా పొగ తాగని ఆడవాళ్లు. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటే ఇమ్యూనోథెరపీ పెద్దగా పనికిరాదు, మూడేళ్లు ఒసిమెర్టినిబ్ మాత్ర వేసుకుంటే ఆయుష్షు పెరిగింది. ముందు ఇమ్యూనోథెరపీ ఇచ్చి వెంటనే ఆ మాత్రకు మారితే ఊపిరితిత్తుల వాపు అపాయం. రొమ్ము క్యాన్సర్‌లో ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్ మందులకూ, హర్2 మందులకూ లొంగని) రకానికి పెంబ్రోలిజుమాబ్‌ను ఆపరేషన్‌కు ముందు కీమోతో మొదలుపెట్టాలి, గడ్డ తీసేశాక గుర్తొస్తే ఆలస్యమే. అన్నవాహికలో ముందు కీమో-రేడియేషన్ ఇచ్చి ఆపరేషన్ చేసినా గడ్డలో జబ్బు మిగిలి ఉంటే ఏడాది నివోలుమాబ్‌తో, జబ్బు లేకుండా గడిచే మధ్యస్థ కాలం 11 నెలల నుంచి 22.4 నెలలకు పెరిగింది. కాలేయ క్యాన్సర్‌లో మొదట ఆశ చూపిన పరిశోధన తర్వాత చప్పబడిపోయింది. మూత్రాశయం పైపొర క్యాన్సర్‌కు మాత్రం యాభై ఏళ్ల నాటి ఇమ్యూనోథెరపీ ఉంది: పిల్లలకు వేసే క్షయ టీకా జాతి బీసీజీనే మూత్రాశయంలోకి వారానికొకసారి ఆరు వారాలు ఎక్కిస్తారు. ఈ జాబితాలో అతి చవకైన మందు అదే, ఇప్పటికీ దాన్ని మించింది తేలికగా దొరకలేదు.

చెన్నై వెళ్లేటప్పుడు ఆపరేషన్‌లో తీసిన గడ్డ రిపోర్టు, వీలైతే దాని మైనపు బ్లాకులు (గడ్డ ముక్కలను మైనంలో భద్రపరిచినవి) కూడా చేతిలో ఉండాలి, రెండో అభిప్రాయం కావాలంటే అవే ఆధారం. తిరుపతికో చెన్నైలోనే ఇంకో చోటుకో వెళ్లి చూపించుకున్నా ఆ డాక్టరు ఏమీ అనుకోరు. టాటా మెమోరియల్‌తో కలిసి పనిచేసే నవ్య అనే ఆన్‌లైన్ సేవలో రిపోర్టులు పెడితే రాతలో అభిప్రాయం వస్తుంది. ఆంకాలజిస్టును ఈ మాటలే అడగండి: మందు వేయకపోతే మా నాన్నకు తిరగబెట్టే అవకాశం నూటికి ఎంత, వేస్తే ఎంత? మొత్తం ఏడాదికి మేం కట్టేది ఎంత? అర్ధరాత్రి ఏదైనా అయితే ఫోన్ ఎత్తేది ఎవరు? మొదటి డోసుకు ముందు థైరాయిడ్, షుగరు, కాలేయం, క్రియాటినిన్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించమనండి. నాన్నగారికి కీళ్లవాతమో, సోరియాసిస్సో, ఎప్పుడైనా క్షయో ఉంటే అడగకపోయినా చెప్పండి. ఆ పరీక్షల ఫలితాలు, రిపోర్టులోని సార్కోమాటాయిడ్ వాక్యం ఇక్కడ రాస్తే మళ్లీ చూస్తాను. చిన్నాన్నగారి ఫోన్ మాత్రం రేపు ఉదయమే.